రాజావారి గృహప్రవేశం

బద్ధవైరానికి మనవాళ్ళు వ్యాకరణం కూడా రాసిపెట్టారు. శాశ్వత విరోధం గల జంతువుల పేర్లు కలిపి ద్వంద్వసమాసం చేస్తే అది ఏకవచనంలో వుండాలన్నాడు పాణిని. పామూ ముంగిసా, పిల్లీ ఎలుకా అని వ్యాఖ్యాతలు ఉదాహరణలిచ్చారు. అంటే పుట్టిన దగ్గరనుంచీ కొట్టుకునేవాళ్ళను వ్యాకరణం ఒక్కటి చేసి కూచోబెట్టిందన్నమాట! చిన్నప్పుడు మాకు సంస్కృతం చెప్పిన మేష్టారు ఈ వరసలో కుక్కనూ పిల్లినీ ఎత్తలేదు. ఆ ధైర్యంతోనే కాబోలు, 9 ఏళ్ళ పిల్లి వున్న ఇంట్లోకి 32 కిలోల కుక్కను తెచ్చుకున్నాను.

తెచ్చుకున్నానంటే కొన్నాననుకునేరు. చెన్నై శివార్లలో దిక్కులేని జంతువులను చేరదీసే ఒక శరణాలయం వుంది. అక్కణ్ణించి తెచ్చాను. ఈ సంగతి విన్నవాళ్ళలో సగంమంది ‘‘అయ్యో, పిల్లి గతేం కాను?’’ అన్నారు. మిగతా సగంమంది ‘‘పెద్ద కుక్కెందుకండీ, చిన్న పిల్ల దొరకలేదా?’’ అన్నారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. రెండో దానికి జవాబు తేలిక గనుక ముందు అదే చెబుతాను.

కుక్కపిల్ల ఒళ్ళో ఇమిడినంతకాలం అందరికీ ముద్దే. పాలనురుగులాంటి ఒళ్ళూ, గులాబీరంగు ముక్కూ వున్న రాజపాళయం కుక్కపిల్లను చూస్తే ఎంత రాతిగుండె అయినా కరుగుతుంది. ఏడాది తిరిగేసరికి అది భుజం దగ్గర 2 అడుగుల పైచిలుకు ఎత్తున నిలబడుతుంది. తోక ఒక్కసారి ఆడిస్తే బల్లమీద కాఫీ గ్లాసులు కిందికి దిగుతాయి. అప్పుడు ఇల్లు ఇరుకవుతుంది, పక్కవాటావాళ్ళు ఫిర్యాదు చేస్తారు, ఇంటాయనకు బదిలీ అవుతుంది. చిన్న కుక్కనైతే ఏ చుట్టాలో తీసుకుంటారు, దీన్ని ఎవరు తీసుకుంటారు? అందుకని శరణాలయాల్లో పెద్దవి పేరుకుపోతాయి. ఆ రోజు నేను చూసిన వరుసలో ఒక ముసలి గ్రేట్ డేన్, రెండు జర్మన్ షెపర్డులు, ఆ పక్కన రాజా వున్నారు. ‘వున్నారు’ అని గౌరవవాచకం ఎందుకంటే, రాజావారి వంశం అలాంటిది.

రాజపాళయం తమిళనాడులో విరుదునగర్ జిల్లాలోని వూరు. అక్కడి రాజులు తెలుగువారు. విజయనగరం వైపునుంచి దక్షిణాదికి తరలిపోయి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు. ఇంట్లో ఈనాటికీ తెలుగు మాట్లాడతారు. అడవిపందుల వేటకు పెంచిన ఈ కుక్కకు ఆ వూరి పేరే వచ్చింది. 2005లో మన తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద బిళ్ళలు వేసినప్పుడు ముధోల్, రాంపూర్, హిమాలయపు గొర్రెలకాపరి కుక్కలతోపాటు దీనికీ చోటిచ్చింది. తెల్లదనం కోసం దగ్గర సంబంధాలు కలుపుతూ పోవడంవల్ల ఈ జాతిలో పుట్టుచెవుడు ఎక్కువ. అందుకని నేను వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. వాడు చెవులు వెనక్కి తిప్పి, ‘ఎవడ్రా?’ అన్నట్టు చూశాడు. మన రాజా అచ్చమైన రాజపాళయం కాదు లెండి. ఏదో కొంత వీధి సంబంధం కూడా వుంది. చెవి నిలవడానికి ఆ సంబంధమే కారణమైతే వీధికి నమస్కారం.

శరణాలయం నడిపే పెద్దావిడ తమిళురాలు, తెలుగు బాగానే మాట్లాడుతుంది. నేను పిల్లి సంగతి చెప్పగానే ఆవిడ ముఖం మారింది.

‘‘సార్, ముందే చెబుతున్నాను. వీడు ఇప్పటికి రెండిళ్ళకు వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చాడు. మొదటివాళ్ళు ఇల్లు మారారు. రెండోవాళ్ళ పిల్లవాణ్ణి ఆటలో పడదోశాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ వారం రోజులు తిండి ముట్టలేదు. మూడోసారి వెనక్కి వస్తే ఏమవుతుందో నాకు తెలియదు’’ అంది.

ఆ తర్వాత ఒక పరీక్ష చేసింది. పిల్లి వున్న బుట్టను ఒక పనిమనిషి దూరంగా పట్టుకుని నడుస్తాడు. కుక్కను తాడుతో పట్టుకుని ఇవతల నిలబెడతారు. కొన్ని కుక్కలు చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంటాయి. అవి ఉత్తమం. కొన్ని చూస్తాయి, చెవులు రిక్కిస్తాయి, కాని పేరుపెట్టి పిలిస్తే మనవైపు తిరుగుతాయి. వీటితో పని జరుగుతుంది. మరికొన్ని కొయ్యబారిపోతాయి. రెప్ప వెయ్యవు, తోక కదలదు, పిలుపు వినపడదు, కోడిమాంసం ముక్క ముక్కు దగ్గర పెట్టినా వాసన చూడవు. అలాంటి కుక్కను పిల్లి వున్న ఇంటికి తీసుకుపోకూడదు. అది చెడ్డదని కాదు. వేటకు పుట్టింది, దాని పని అది చేస్తుంది. మొరిగే కుక్కకంటే ఆ మౌనంగా చూసే కుక్కనే ఎక్కువ అనుమానించాలని ఆవిడ అంది. నాకు ఆ మాట మనసుకు పట్టింది. రాజా రెండో రకం. మూడుసార్లు పిలిస్తే రెండుసార్లు తిరిగాడు.

అసలు కోర్టు మా ఇంట్లో వుంది. పిల్లి మా అమ్మది. పేరు చిట్టెమ్మ, బరువు 4 కిలోలు. మా నాన్నగారు పోయిన ఏడాది, వానలో తడుస్తూ మెట్లకింద దొరికింది. అప్పణ్ణించి అమ్మ మంచమే దాని మంచం. తెల్లవారుజామున అమ్మ లేచేది దేవుడికోసమో చిట్టెమ్మ పాలకోసమో మాకింకా తేలలేదు. (పిల్లికి పాలు అంతగా పడవని డాక్టరుగారు చెప్పిన తర్వాత ఆ పాలు చెంచాడుకు తగ్గాయి.) ఇక కుక్కలంటే అమ్మకు చిన్నప్పటి భయం. వాళ్ళ అన్నగారిని పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచారట. ఆ అరుపులు ఆవిడకు ఇంకా వినిపిస్తాయి. గొర్రె మెదడునుంచి తీసే ఆ టీకామందు డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో తయారుచేసింది. మన దేశంలో దాని వాడకం 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు చేతికే నాలుగైదు సూదులు, అంతే. అయితే కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారపడే నీళ్ళకింద 15 నిమిషాలు కడగడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ తప్పనిది. ఇవన్నీ అమ్మకు చెప్పాను. విన్నది.

‘‘సూదులు తగ్గాయి సరే నాయనా, పళ్ళు తగ్గాయా?’’ అన్నది.

మా ఆవిడ మధ్యవర్తిత్వం చేసింది. ‘‘అత్తయ్యా, మూడు నెలలు చూద్దాం. చిట్టెమ్మ తిండి తగ్గినా, దాని ఒంటిమీద ఒక్క గీత పడినా, నేనే తీసుకెళ్ళి అప్పచెప్పి వస్తాను’’ అంది. అమ్మ కాస్సేపు ఆలోచించి, ‘‘ఈ ఇంటికి ముందు వచ్చింది అదమ్మాయ్. అది తప్పుకు తిరగకూడదు. వాడే తప్పుకు తిరగాలి’’ అంది. ఆ తరువాత నేను చదివిన పుస్తకాలన్నీ కలిపి ఇంతకంటే మంచి మాట చెప్పలేదు.

కుక్క రావడానికి పది రోజుల ముందే పని మొదలుపెట్టాం. పిల్లి ప్రపంచం నిలువుగా వుంటుంది. అపాయం వస్తే అది దూరం పోవడం కంటే పైకి పోవడానికి ఇష్టపడుతుంది. అందుకని నేలమీద అడుగు పెట్టకుండా అమ్మ గదినుంచి వంటింటిదాకా చిట్టెమ్మ పోవడానికి బీరువా పైనా, కిటికీ మీదా, గోడకు కొట్టిన పలకల మీదా దారి వేశాం. వడ్రంగి మమ్మల్ని చూసిన చూపు ఎన్నటికీ మరిచిపోను. అమ్మ గది గుమ్మానికి ఇనప జాలీ తలుపు పెట్టించాం. చిట్టెమ్మ దొడ్డికి వెళ్ళే మట్టితొట్టిని కుక్క మూతికి అందనిచోట పెట్టాం. ఎందుకంటారా? కుక్కలకు అది ఫలహారం. ఇంతకంటే వివరించను, చదువరులు భోజనాలదగ్గర వుండవచ్చు.

ఇద్దరికీ పిచ్చికుక్క టీకాలు, మిగతా టీకాలు వేయించాం. ఇక్కడ డాక్టరుగారు చెప్పిన ఒక మాట పెద్ద అక్షరాలతో రాయదగ్గది. కుక్కల గోమార్లకు మెడమీద పోసే మందుల్లో కొన్నిటిలో పర్మెత్రిన్ అనేది వుంటుంది. కుక్కకు అది ఏమీ చెయ్యదు. పిల్లికి విషం. పిల్లికి పూయనక్కర్లేదు, మందు పూసిన కుక్కను ఆనుకుని పడుకుని తరువాత ఒళ్ళు నాక్కున్నా చాలు, వణుకూ మూర్ఛా వచ్చి ప్రాణం పోవచ్చు. కనుక పిల్లి వున్న ఇంట్లో కుక్కకు ఏ మందు కొన్నా డబ్బామీద ఏముందో చదివి, డాక్టరును అడిగి మరీ వాడాలి. పళ్ళూ గోళ్ళూ చూసి భయపడే మనకు ఈ చిన్న సీసా కనపడదు.

రాజా ఒక శుక్రవారం వచ్చాడు. వచ్చినవాడు గర్జించలేదు, గంతులు వెయ్యలేదు. హాల్లో సోఫా వెనక దూరి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు, మర్నాడు ఏమీ తినలేదు. శరణాలయంవాళ్ళ లెక్క ఒకటుంది: భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. ఇది శాస్త్రం కాదు, అనుభవం. మూడో రోజు రాత్రి పెరుగన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెట్టి మేము అవతలికి వెళ్ళిపోయాం. పొద్దున గిన్నె కడిగినంత శుభ్రంగా వుంది.

మొదటి వారం కుక్కా పిల్లీ ఒకదాన్నొకటి చూడలేదు. వాసనలతోనే పరిచయం. రాజా పడుకున్న దుప్పటి ముక్క తీసుకెళ్ళి చిట్టెమ్మ తిండిగిన్నె పక్కన, చిట్టెమ్మ బుగ్గలు తుడిచిన గుడ్డ తెచ్చి రాజా పక్కమీద వేసేవాళ్ళం. పిల్లి తన బుగ్గలు రాసి ‘ఇది నాది’ అని ముద్ర వేసుకుంటుంది. ఆ గుడ్డ పంపడమంటే ఒక విధంగా రాయబారమే. మొదటి రోజు చిట్టెమ్మ ఆ దుప్పటి ముక్కను చూసి బుస్సుమని, రెండు పూటలు అన్నం మానేసింది. అమ్మ కూడా మానేసింది. అయిదో రోజుకు చిట్టెమ్మ ఆ ముక్కమీదే కూచుని ఒళ్ళు నాక్కుంది. అమ్మ ఆ పూట పప్పులో నెయ్యి ఎక్కువ వేసుకుంది.

రెండో వారం జాలీ తలుపుకు అటూ ఇటూ, రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు. రాజా మెడకు పట్టా, నా చేతిలో తాడు. వాడు పిల్లిని చూసి నావైపు తిరిగితే కోడిమాంసం ముక్క. తిరగకపోతే నాలుగడుగులు వెనక్కి, మళ్ళీ మొదలు. తిట్టడం, కొట్టడం పనికిరాదు. పిల్లి కనపడినప్పుడల్లా దెబ్బ పడితే, దెబ్బకు కారణం పిల్లే అనుకుంటుంది కుక్క. అనుకోదూ మరి?

పంతొమ్మిదో రోజు సాయంత్రం వచ్చింది అసలు గండం. అప్పటికి జాలీ తలుపు తీసి, తాడు నా చేతికి చుట్టుకుని, ఇద్దర్నీ ఒకే హాల్లో అరగంట వుంచే దశకు వచ్చాం. చిట్టెమ్మ కిటికీ మీద, రాజా నా కాళ్ళదగ్గర. వంటింట్లో కుక్కరు మూత జారి నేలమీద పడింది. ఆ చప్పుడుకు చిట్టెమ్మ కిటికీమీదనుంచి దూకి హాలుకు అడ్డంగా పరుగెత్తింది. పరుగెత్తేదాన్ని తరమడం రాజపాళయం నెత్తుటిలో వుంది. అది ముక్కుతో కంటే కంటితో వేటాడే జాతి. నేను కుర్చీలోనుంచి నేలమీదికి వచ్చాను. మోచెయ్యి చర్మం ఊడింది. తాడు మాత్రం వదలలేదు. అది ఆపినచోటికి చిట్టెమ్మ మూలలో ఇరుక్కుని వుంది. వీపు విల్లులా వంచి, రోమాలు నిక్కబొడుచుకుని, రెండింతలయి నిలబడింది. రాజా మూతి దానికి జానెడు దూరంలో వుంది. ఆ జానెడు దూరం చిట్టెమ్మే తగ్గించింది. రెండు క్షణాల్లో నాలుగు దెబ్బలు. రాజా కుయ్యోమని వెనక్కి వచ్చి నా వీపు వెనక దాక్కున్నాడు. ముక్కుమీద నెత్తురు.

ఆ రాత్రే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. పిల్లి గోరు కంటి నల్లగుడ్డుకు తగిలితే పైకి కనపడకుండానే పుండు పడి చూపు పోవచ్చు. రంగుమందు చుక్క వేసి దీపంతో చూశారు. కన్ను బాగానే వుంది. చిట్టెమ్మను కూడా తడిమి చూశారు, ఒక్క గీత లేదు. ఇంటికొచ్చేసరికి పది దాటింది. మా ఆవిడ మెల్లిగా అంది:

‘‘ఏమండీ, మాట ఇచ్చింది నేను. రేపు తీసుకెళ్ళి అప్పచెప్పి వద్దామా?’’

నేనేం చెప్పను? శరణాలయం పెద్దావిడ ముఖం కళ్ళముందు ఆడుతోంది. తిండి మానిన కుక్క కూడా కళ్ళముందు ఆడుతోంది. మరోవైపు చిట్టెమ్మ 4 కిలోలు. తాడు తెగివుంటే అన్న ఆలోచన అంతకంటే బరువుగా వుంది. అప్పుడు అమ్మ గదిలోనుంచి మాట వచ్చింది.

‘‘ఒరేయ్, నేను గుమ్మంలో నిలబడి అంతా చూశాను. అది నాలుగు పెట్టింది. వాడు తిరిగి నోరు తెరవలేదు. ఇంకొన్నాళ్ళు ఆగు. కాకపోతే ఆ కుక్కరు మూత గట్టుమీద పెట్టడం మాన్పించు.’’

పిచ్చికుక్క పేరెత్తితే వణికే మనిషి ఆ మాట అన్నదంటే, మీరు నమ్మండి నమ్మకపొండి, నాకు గొంతు పట్టుకుపోయింది.

మళ్ళీ జాలీ తలుపు దగ్గరినుంచి మొదలుపెట్టాం. ఈసారి కొంచెం చదువుకుని మొదలుపెట్టాను. 2008లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఒకే ఇంట్లో వుండే కుక్కలనూ పిల్లులనూ గమనించి ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నతనంలోనే కలిసినవీ, పిల్లి ముందువచ్చి కుక్క తరువాత వచ్చిన ఇళ్ళలోవీ ఎక్కువ సఖ్యంగా వున్నాయట. మాకు రెండోదే అనుకూలం, మొదటిది చెయ్యిదాటింది. వీళ్ళ తగువులో సగం భాషాభేదం. కుక్క తోక ఊపితే చాలామటుకు స్నేహం. పిల్లి తోక విసురుగా ఆడిస్తే చిరాకు. కుక్క ముందుకాళ్ళు వంచి, వెనక భాగం ఎత్తితే ఆటకు పిలుపు. పిల్లికి అది దూకబోయే భంగిమగా కనపడుతుంది. తెలుగువాడికీ తమిళుడికీ మధ్య ‘చెప్పు’ అన్న మాటలాంటిదే ఇదీ. అయినా కలిసి బతికిన జంతువులు ఎదుటివారి సైగలు చాలావరకు నేర్చుకుంటాయనే ఆ పరిశోధకులు చూశారు. 2018లో ఇంగ్లండునుంచి వచ్చిన మరో అధ్యయనం సఖ్యత కుదరడం కుక్క మంచితనంకంటే పిల్లి ధీమామీదే ఎక్కువగా ఆధారపడి వుందని తేల్చింది. వాడే తప్పుకు తిరగాలని అమ్మ అన్నది ఇదే.

నెలన్నర దాటాక ఒక మధ్యాహ్నం రాజా ఒళ్ళు పారేసుకుని నిద్రపోతున్నాడు. చిట్టెమ్మ పలకమీదనుంచి దిగి, ఒక్కో అడుగు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, వాడి వెనక కాలును వాసన చూసింది. బుగ్గ రాసింది. రాజా కళ్ళు తెరిచాడు, కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టినట్టే వుంది. మేమందరం బిగబట్టాం. చిట్టెమ్మ వచ్చినదారినే వెళ్ళిపోయింది. ముద్ర పడింది. ఆనాటినుంచి రాజా చిట్టెమ్మ సామాను.

ఇంతమాత్రాన వీధిలో పిల్లి కనపడితే ఊరుకుంటాడనుకోకండి. చిట్టెమ్మ ఇంటిమనిషి, వీధిపిల్లి వేట. వాడి లెక్కలో ఆ రెండింటికీ సంబంధం లేదు. అందుకని బయట తాడు తప్పనిసరి. తిండి విషయంలోనూ జాగ్రత్త వుండాలి. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోనే అందాలి, కుక్క తిండి పెట్టి సరిపెడితే గుండే కళ్ళూ పాడవుతాయి. పిల్లి తిండి కుక్క తింటే లావెక్కుతుంది. ఛాతీ లోతుగా వుండే పెద్ద కుక్కకు ఒకేసారి కడుపునిండా పెట్టి పరుగెత్తిస్తే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం వుంది, గంటల్లో ప్రాణం తీస్తుంది. కనుక రాజాకు రెండు పూటలా పెడతాం, తిన్న తర్వాత విశ్రాంతి. ఖర్చు సంగతి అడగకండి. మా ఇంట్లో గుడ్ల లెక్క ఇప్పుడు డజన్లలో లేదు, అట్టల్లో వుంది.

పెంచలేక వదిలెయ్యడం మన చట్టంలో నేరమే. ఆ చట్టం వెనక ఒక నర్తకి వుంది. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసపై సొంతంగా బిల్లు తెచ్చింది. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ మాట ఇచ్చిన మీదట దాన్ని ఉపసంహరించుకుంది. 1960లో చట్టం వచ్చింది, 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ మండలికి ఆవిడే తొలి అధ్యక్షురాలు. అదంతా బాగానే వుంది. కాని ఆ చట్టంలో మొదటి తప్పుకు రాసిన జరిమానా 10 రూపాయలనుంచి 50 రూపాయలు! 50 రూపాయలకు ఇవాళ రాజాకు ఒక పూట గుడ్లయినా రావు. జరిమానా భయంతో కుక్కను వుంచుకునేవాడు లేడు, దాన్ని కట్టలేక ఆగిపోయేవాడూ లేడు.

రాజా వచ్చి ఇప్పటికి పద్నాలుగు నెలలయింది. శరణాలయం పెద్దావిడ నెలకోసారి ఫోను చేసి ఒకే ప్రశ్న అడుగుతుంది: ‘‘తింటున్నాడా సార్?’’ తింటున్నాడు. చిట్టెమ్మ తిన్న తరువాతే తింటున్నాడు. అది గిన్నె వదిలేదాకా గుమ్మం బయట కూచుని, చొంగ కారుస్తూ చూస్తుంటాడు. మేము నేర్పింది కాదు. చిట్టెమ్మ నేర్పింది, ఒకే ఒక్కసారి చెయ్యి ఎత్తి.

అయినా మేము ఇంట్లో లేనప్పుడు వాళ్ళిద్దరినీ ఒకేచోట వదలం. రాత్రిపూట రాజా హాల్లో, చిట్టెమ్మ అమ్మ మంచంమీద, మధ్య జాలీ తలుపు. దాని గొళ్ళెం అమ్మే వేస్తుంది. వేసేముందు జాలీలోనుంచి ఒక బిస్కట్టు అవతలికి వెళుతుందని మా ఆవిడ చెబుతుంది. నేను చూడలేదు.